ఇటువైపు నుంచే

మళ్ళీ పోయింది, ఛీ, అదిగో తెర మూల ఆ వైఫై బొమ్మ, నాలుగు గీతలూ తెల్లగా ఉండాల్సినవి బూడిదరంగుకి తిరిగి పక్కన ఓ ప్రశ్నార్థకం పెట్టుకుని కూర్చుంది, దాని మొహం మండ, అడగాల్సింది నేనా అదా, అనుకుంటూ అతను లాప్‌టాప్ మూత ఠపీమని మూయబోయి ఆగాడు, మూస్తే మళ్ళీ తెరిచాక ఇంకో భాగోతం, టైము చూస్తే పదింపావు, పదకొండుకి, బదిలీ మీద వేరే ఊరెళ్ళిన భార్య వీడియోలోకి వస్తానంది, నాలుగోసారి, ఆఖరిసారి, ఇవాళ కూడా మధ్యలో తెగిందంటే నేనిక్కడే పర్మనెంట్‌గా ఉంటానని ఆఫీసులో రాసిచ్చేస్తాను అంది, అరిచినా బాగుండేది, రేపట్నుంచి పేపరు వద్దని చెప్పినట్టు చెప్పింది, అరనిమిషం గడవగానే నాలుగు గీతలూ తిరిగొచ్చాయి, ఏమీ ఎరగనట్టు, తాగొచ్చి తెల్లారి మంచినీళ్ళడిగే మనిషిలా, దీనికంటే పూర్తిగా చచ్చిపోయేది నయం, చచ్చినదాన్ని పారేసి ఇంకోటి తెచ్చుకుంటాం, ఇది చావదు, బతకదు.

నెల రోజులు, నెల రోజుల్నించి ఇదే పూజ, కరెంటు ఆదా చేసే సెట్టింగు తీసేశాడు, డ్రైవరు పీకి మళ్ళీ వేశాడు, సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నల్ కొత్తది తీసి పాతది పెట్టాడు, రౌటర్ని ఫ్రిజ్ మీద పెట్టాడు, బీరువా ఎక్కించాడు, స్టూలు మీద కూర్చోబెట్టాడు, చంటిపిల్లాడికి కూడా ఎవరూ ఇంత సేవ చెయ్యరు, లినక్స్ వాడేవాళ్ళ ఫోరమ్‌లో అడిగితే ఒకడు నాకు బాగానే వస్తోందే అంటాడు, నీకొస్తే నాకేంట్రా, ఇంకొకడు కార్డు మార్చమంటాడు, అచ్చం ఇదే జబ్బు ఆరేళ్ళ కిందట రాసినవాడొకడు దొరికితే ప్రాణం లేచొచ్చింది, కిందికి జరిపితే ఆఖర్న ఆ మహానుభావుడే, సరిచేసుకున్నాను, థాంక్స్, అని పెట్టి వెళ్ళిపోయాడు, ఎలా సరిచేసుకున్నాడో చెప్పలేదు, వాడి కడుపు కాల, పక్కన టీ మీద తొక్క కట్టింది, దాంట్లో చీమ, నిన్నటి కప్పులో రెండు, మొన్నటి కప్పు దగ్గరకెళ్ళి చూడబుద్ధి కాలేదు, ఈ గదికి ఓ వాసన పట్టింది, విప్పిన సాక్సులదో, సింకుదో, తనదేనేమో కూడా, ఆమె ఉన్నప్పుడు ఈ వాసన లేదు అని అనుకోబోయి మానేశాడు.

మొన్న కేబులతను వచ్చి ఇదే కుర్చీలో కూర్చుని తన ఫోనుకి ఇదే వైఫై పెట్టుకుని అరగంట సినిమా చూశాడు, ఒక్కసారి ఆగితే ఒట్టు, సార్, నా లైను రాయిలా ఉంది, మీ మిషనే దానంతటది దిగి మళ్ళీ ఎక్కుతోంది, ఆ లినక్సో గినక్సో తీసేసి అందరూ పెట్టుకునేదే పెట్టుకోండి, లేదా హాయిగా ఫోన్లో మాట్లాడుకోండి అన్నాడు, ఒళ్ళు మండింది, పదేళ్ళుగా నెత్తిన పెట్టుకుని ఊరేగినదాన్ని కేబులతను చెప్పాడని దించడమా, ఆమె కూడా అదే అంది, పోనీ ఫోన్లోంచి రా, అని, లేదు, ఇవాళ సరిచేస్తా చూడు, అన్నాడు ఇతను, ఫోన్లో మాట్లాడితే ఓడిపోయినట్టట, ఎవరి మీద, ఇనపముక్క మీద, ఇప్పటికి మూడుసార్లు, లైను తెగి తిరిగి రాగానే, ఇప్పుడే వచ్చింది, మళ్ళీ పోయేలోగా, అని గబగబా ఆమెని పిలవడం, తిన్నావా, అక్కడ చలిగా ఉందా, కొత్త ఆఫీసులో ప్లాన్లు గీయడానికి బల్ల ఇచ్చారా, ఇలా పదమూడు పద్నాలుగు నిమిషాలు, తర్వాత ఆమె, ఒక్కమాట అడుగుతాను చెప్పు, నేను వెనక్కి రావాలని నీకుందా లేదా, అంతే, గీతలు పోయాయి, మూడుసార్లూ అక్కడే, మూడోసారి తెగాక ఆమె మెసేజ్ పెట్టింది, తెగడం కాదు, నువ్వే తెంపుతున్నావు, అని, ఎంత మాట, నా మీద ఇంత నమ్మకమా, అని రెండ్రోజులు కుమిలిపోయాడు.

మళ్ళీ పోయింది, గడియారం పదిన్నర, సరిగ్గా పదిన్నర, ఇందాక పదింపావు, అతను టీ కప్పు పక్కకి నెట్టి నిటారుగా కూర్చున్నాడు, పాడైనది గడియారం చూసుకుని పాడవదు కదా, సిగ్నల్ బలహీనమైతే ఇష్టమొచ్చినప్పుడు పోవాలి, ఇలా పావుగంట కొట్టినట్టు పోతోందంటే ఎవడో పొమ్మంటున్నాడు, నెలరోజుల్లో ఒక్కసారి కూడా టైము రాసుకోలేదు, పెద్ద నిపుణుడు, ఆఫీసులో అందరికీ ముందు లాగ్ చదవండి, మిషన్ తను చేసిందంతా అందులో రాసుకుంటుంది, అని ఉపదేశం చేసేది ఈయనే, తను మాత్రం లాగ్‌లో ఎర్ర అక్షరాలు ఒక్కటే వడగట్టి చూశాడు, తప్పయితే ఎర్రగా ఉంటుందని, ఇప్పుడు జల్లెడ తీసేసి మొత్తం తెరిచాడు, పదిన్నర దగ్గర, మామూలు తెల్ల అక్షరాల్లో, గొంతయినా పెంచకుండా, లోకల్లీ జనరేటెడ్, అని ఉంది, అంటే అవతల రౌటర్ తెంపలేదు, ఇటువైపు నుంచే, ఈ మిషనే తెంపమంది, కిందే ఇంకో లైను, యూజర్ అడిగాడు కాబట్టి తెంపాం, అని, పదింపావుకీ అదే, పదికీ అదే, నెల వెనక్కి జరిపినా అదే, యూజరు, ఈ ఇంట్లో యూజరు ఇంకెవడున్నాడు.

టైము ప్రకారం నడిచేవాటి జాబితా తెరిస్తే పైనుంచి మూడోది, కాపలా, పేరు తనే పెట్టాడు, రెండేళ్ళ కిందటి మాట, అప్పట్లో వైఫై ఊరికే బిగుసుకుపోతుంటే పది లైన్ల స్క్రిప్టు రాసి పడేశాడు, ప్రతి పావుగంటకీ ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే మిషన్నొకదాన్ని పిలు, పలికితే సరే, మూడుసార్లు పిలిచినా పలక్కపోతే వైఫై బిగుసుకుందని లెక్క, తెంపేసి మళ్ళీ కలుపు, ఆ ఎప్పుడూ ఆన్‌లో ఉండే మిషన్ ఆమెది, ప్లాన్లన్నీ దాచుకునే అరచేతంత నల్లపెట్టె, ఆకుపచ్చ దీపంతో గూట్లో ఉండేది, అయితే రోజుకి తొంభయ్యారుసార్లు నన్ను పలకరిస్తున్నావన్నమాట, అని ఆమె నవ్వింది కూడా, తలతిప్పి గూటివైపు చూశాడు, దుమ్ము మధ్య నలుచదరపు చోటు మాత్రం శుభ్రంగా ఉంది, బదిలీ వచ్చి సామాను సర్దుకునే రోజున ఆమె ఇక్కడే నిలబడి వైరు చుట్టుకుంటూ, ఇది తీసుకెళ్తున్నా, దీంతో నీకేమన్నా అవసరముందా, అని అడిగింది, లేదు, అన్నాడు ఇతను, తలెత్తలేదు కూడా, కెర్నల్ అప్‌డేట్ నడుస్తోందప్పుడు, ఆ సాయంత్రం నుంచే మొదలు, నిక్షేపంలాంటి లైనుని ఈ దరిద్రపు కాపలా పావుగంటకోసారి గొంతు పిసికి, మళ్ళీ తనే ఊపిరూది, మంచిపని చేశాననుకుంటూ ఉంది.

తీసేశాడు, రెండు మాటలు కొడితే పోయింది, పదిముప్పావు వచ్చింది, వెళ్ళింది, నాలుగు గీతలూ కదల్లేదు, లేచి గంతెయ్యాల్సింది, ఒంట్లో అలాంటిదేం లేదు, నోరంతా చేదుగా ఉంది, పదకొండుకి తెర మీద ఆమె పిలుపు మోగింది, దొరికిందోయ్, నీ పెట్టె నువ్వు పట్టుకెళ్ళావు కదా, అందుకని, అనబోయి నాలిక్కరుచుకున్నాడు, ఛీ, మళ్ళీ నెపం ఆమె మీదకే, మరి మూడోసారి గీతలు పోయినప్పుడు హమ్మయ్య అనుకున్నదెవరు, మొదటిసారీ రెండోసారీ కూడా అనుకున్నాడు, అరనిమిషంలో గీతలు తిరిగొచ్చినా మళ్ళీ పిలవలేదు, ఆ హమ్మయ్యని ఏ స్క్రిప్టు రాసింది, లాగ్ మొత్తం చదవకుండా నెలరోజులు రౌటర్ని ఊరేగించింది అందుకేనా, మోగుతూనే ఉంది, నొక్కాడు, ఆమె మొహం, అలిసిపోయి, వెనక అలమర మీద ఆకుపచ్చ దీపం, ఏం, బాగయిందా నీ వైఫై, అంది, తిన్నావా అనే మాట నోటిదాకా వచ్చింది, మింగేశాడు, అది మొన్నా బాగానే ఉంది, నువ్వన్నదే నిజం, నేనే తెంపుతున్నాను, రమ్మంటే రానంటావేమోనని, అన్నాడు.