ఖుద్దూస్ గుర్రం ఆట మానింది

కొత్తకోటలో ఖుద్దూస్ గుర్రం ఆట చూడనివాళ్లు లేరు. చూడకపోతే ఖుద్దూస్ వదిలేవాడు కాదు మరి! హైదరాబాదు బస్సు దిగి టీ తాగుతున్న మనిషిని కూడా చెయ్యి పట్టుకుని గల్లీలోకి లాక్కుపోయేవాడు. "జర ఒక్క నిమిషం అన్నా, బస్సు యాడికి పోతది? నా చాందిని ఆట జూసి పో" అనేవాడు. బస్సు ఎంచక్కా పోయేది. ఆ మనిషి లబోదిబోమంటూ రోడ్డు మీదికి పరిగెత్తేవాడు.

చాందిని తెల్ల గుర్రం. పెళ్లి ఊరేగింపుల్లో పెళ్లికొడుకులను మోయడం దాని పని. పెళ్లిళ్లు లేని రోజుల్లో ఇంటి వెనక వాకిట్లో గోడకు ముఖం పెట్టి నిలబడేది. వాకిలి అన్నానని పెద్దగా ఊహించుకునేరు! రెండు మంచాలు వేస్తే మూడోది నిలబెట్టాల్సిందే. అందులోనే కోళ్ల గూడు, నీళ్ల డ్రమ్ములు, రోలు, విరిగిన టాంగా చక్రం, వీటన్నిటి నడుమ గుర్రం. అక్కడ నిలబడి అది మెడ కుడికీ ఎడమకీ ఊపుతూ, ముందుకాళ్లు మార్చి మార్చి వేస్తూ పొద్దంతా ఊగేది. బ్యాండు లేకపోయినా ఊగేది.

"నాచ్ దీని రక్తంలనే ఉన్నది" అని ఖుద్దూస్ మీసం దువ్వేవాడు. టేప్ రికార్డర్‌లో పెళ్లి బ్యాండు పెట్టేవాడు. జనం చప్పట్లు కొడితే అందరికన్నా గట్టిగా తనే కొట్టేవాడు. రైస్ మిల్లు రఘుపతి సేటు కూడా వచ్చి చూసి, తన కొడుకు ఊరేగింపుకు ఈ ఆడే గుర్రమే కావాలన్నాడు. మిల్లు సేటు ఇంటి పెళ్లంటే మాటలా! ఆ ఒక్క బేరంతో చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ తనవేనని ఖుద్దూస్ గాల్లో తేలిపోయాడు.

అంతలో చాందిని మేత ముట్టడం తగ్గించింది. ఖుద్దూస్‌కు కాళ్లూ చేతులూ ఆడలేదు. పశువుల దవాఖానకు ఉరికి డాక్టరు ప్రమీలమ్మను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె డ్రమ్ములు దాటుకుని వచ్చి, గుర్రాన్ని నిదానంగా చూసింది.

"ఎప్పటి సంది గిట్ల ఊగుతాంది?"

"మొదటి సంది గింతే డాక్టరమ్మా. మస్తు కళ ఉన్నది దీని కాడ."

"కళ గాదు, నీ తలకాయ! ఒక్క తాన్నే గోడకు మొగం బెట్టి కట్టేస్తే గుర్రానికి దిక్కు తోచదు. ఏం జెయ్యాల్నో తెల్వక గిట్ల ఊగుతది. అది నడవాలె, పొర్లాలె, దినమంత జరంత జరంత గడ్డి నమలాలె. తోడుకు ఇంకో జీవం కండ్లకు కనబడాలె. గిట్లనే ఉంచితే తినే ఆ కొంచెం గుడ బంద్ జేస్తది. జాగా లేకుంటే జాగా ఉన్నోళ్లకు ఇచ్చెయ్."

ఆమె వెళ్లిపోయాక ఖుద్దూస్ రోలు మీద కూలబడ్డాడు. ఇన్నాళ్లూ అది ఏడుస్తుంటే తను చప్పట్లు కొట్టాడు. పాపం, జనానికి బస్సులు తప్పించి మరీ కొట్టించాడు! సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఇయ్య" అన్నాడు చివరికి. "నా బిడ్డను నేనెవ్వరికి ఇయ్య. జాగా పుట్టిస్త."

"ఎట్ల పుట్టిస్తవు? ఊదితే పెరుగుతదా వాకిలి?" అంది భార్య జన్నత్ బీ. అంటూనే కొంగు నడుముకు చుట్టింది. ఆమెకు ఆ గుర్రమంటే ఇష్టమని గల్లీలో ఎవరికీ తెలియదు. ఆ పూట దాకా ఆమెకూ తెలియదు.

కోళ్ల గూడు మిద్దె ఎక్కింది. డ్రమ్ములు వంటింట్లోకి పోయాయి. టాంగా చక్రం పడకగదిలోకి వచ్చింది, దాని పక్కన ఖుద్దూస్ ముడుచుకుని పడుకోవడం నేర్చుకున్నాడు. ఖాళీ అయిన వాకిట్లో వాగు ఇసుక పోశారు. పొద్దున పగ్గం విప్పగానే చాందిని దభీమని పడి, నాలుగు కాళ్లూ ఆకాశానికెత్తి పొర్లేది. అంతసేపూ ఇంటిల్లిపాదీ మిద్దె మీదే. చాయ్ అక్కడే, ముచ్చట్లు అక్కడే. ఒకరోజు జన్నత్ బీ అన్న అబ్దుల్ హమీద్ చుట్టపు చూపుగా వచ్చి, చెంబు పట్టుకుని మెట్ల మీద నిలబడి గిలగిల్లాడాడు. పాయఖానా వాకిలికి అవతల ఉంది మరి.

"జర ఓపిక వట్టు బావా" అన్నాడు ఖుద్దూస్. "ఇంకో పక్క పొర్లలే."

ఇక తోడు. పక్కింటి యాదమ్మకు ఒక బర్రె ఉంది. యాదమ్మను బతిమాలి, నడుమ గోడలో కిటికీ అంత బొక్క కొట్టారు. చాందిని తల అటు దూర్చింది. బర్రె ముందు బెదిరి, తర్వాత వాసన చూసి, చివరికి దాని ముక్కు నాకింది. ఆనాటి నుంచి ఇద్దరూ ఎదురుబొదురుగా గడ్డి నములుతూ, ముచ్చట్లకు కూర్చున్న వదినా ఆడబిడ్డల్లా తయారయ్యారు.

"ఖుద్దూస్ భాయ్, నీ గుర్రం మా బర్రెకు నఖరాలు నేర్పుతాంది. పాలు పిండవోతే మెడ ఎగరేస్తాంది!" అని యాదమ్మ గోడ మీంచి కేకలేసేది. ఖుద్దూస్ క్షమాపణలు చెప్పి, పొద్దునా సాయంత్రమూ చాందినిని చేల గట్ల దాకా నడిపించుకొచ్చేవాడు. అది మళ్లీ కడుపునిండా తింటోంది. తనకు మాత్రం మోకాళ్లు పోతున్నాయి.

పెళ్లి దగ్గరపడింది. రఘుపతి సేటు షాద్‌నగర్ నుంచి వచ్చిన వియ్యాలవారిని వెంటేసుకుని, ఆడే గుర్రాన్ని చూపిద్దామని దర్జాగా వాకిట్లోకి దిగాడు. చాందిని తల యాదమ్మ ఇంట్లో ఉంది. అందుకని వియ్యాలవారికి మొదట తోక దర్శనమైంది.

పిలిస్తే తిరిగింది. నములుతూ నిలబడింది. టేప్ రికార్డర్ పెట్టారు. నములుతూనే ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. చెవి ఒకటి ఇటు తిప్పింది, అంతే.

"గిట్ల గాదే, గిట్ల! గిట్ల!" అంటూ సేటు పంచె ఎగ్గట్టి, మెడ కుడికీ ఎడమకీ ఊపుతూ, కాళ్లు మార్చి మార్చి వేస్తూ గుర్రం ముందు తనే ఊగడం మొదలుపెట్టాడు. వియ్యపురాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఖుద్దూస్ కన్నార్పకుండా గుర్రాన్నే చూస్తున్నాడు. ఒక్క ఊపు ఊగితే బేరం నిలుస్తుంది. ఊగొద్దని అల్లాకు మొక్కుతున్నదీ తనే. చాందిని కాలు కదపలేదు. ఖుద్దూస్ కళ్లు నీళ్లతో నిండిపోయాయి.

"ఆడతలేదు!" అని అరిచాడు. "జన్నత్, చూసినవా? ఆడతలేదు!"

"గంత సంబరమేందిరా?" అన్నాడు సేటు రొప్పుతూ. "పెండ్లి దాక మళ్ల గోడకు గట్టెయ్, అదే ఆడ్తది. లేకుంటే వేరే గుర్రాన్ని మాట్లాడుకుంట."

ఖుద్దూస్ టేప్ రికార్డర్ ఆపాడు. కళ్లు తుడుచుకుని సేటు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, నిజంగా ఆదుర్దాతోనే అడిగాడు.

"వేరేది మాట్లాడుకోండ్రి సేటూ, ఫికర్ లేదు. గాని మీరు ఊగుతుంటే జూస్తే నాకు భయమైతాంది. ఇంట్ల మిమ్మల్ని గుడ గోడకు గట్టేస్తున్నరా?"

వియ్యపురాలి కొంగు జారిపోయింది. ఆమె నవ్వు యాదమ్మ ఇంటి దాకా వినబడింది. సేటు పంచె దించుకుని గబగబా బయటికి నడిచాడు.