సూరన్న పీకేసిన వైర్లు

సూరన్న కార్పొరేషన్ డ్రైనేజీ పంపుహౌసులో ముప్పైనాలుగేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఏక్‌బాల్‌పూర్‌లో ఆయనుండే బస్తీలో ఎవరింట్లో ఫ్యాను మొరాయించినా, మిక్సీ కాలినా ముందు ఆయన్నే పిలుస్తారు. వాటిలో సగమే బాగయ్యేవి. అయినా పిలవడం మాత్రం మానలేదు. యంత్రం అనే మాట ఎక్కడ వినబడినా ఆయన తల అటు తిరిగేది.

కోడలు లలితకుమారి వార్డు క్లినిక్కులో నర్సు. కిందటేడు ఎవరో బ్యాంకు ఆయన బదిలీ మీద వెళ్లిపోతూ అమ్మేసిన చిన్న ఎర్రకారు కొనుక్కుంది. తనే నడుపుతుంది. వారం రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురిసేసరికి ఆ కారు మిస్సింగ్ కొట్టడం మొదలెట్టింది. మొన్న గురువారం గంగ మీది విద్యాసాగర్ సేతు ఎక్కుతుంటే దగ్గొచ్చిన మనిషిలా నాలుగు కుదుపులు కుదిపి, వెనకాల బస్సు చేత హారన్లు కొట్టించి, ఎలాగో అవతలికి చేర్చింది. మెకానిక్కు చూసి ప్లగ్గులు, వైర్లు పోయాయన్నాడు. చేతినిండా పనుంది, బుధవారం దాకా కుదరదన్నాడు.

ఆదివారమేమో సేతు దాటి సంత్రాగాఛి వెళ్లాలి. సూరన్న అక్క అప్పమ్మ అక్కడి రైల్వే క్వార్టర్స్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. మోకాలికి ఆపరేషనై నెలయింది. తమ్ముడు ఇంకా చూడ్డానికి రాలేదని రోజూ ఫోన్లో దెప్పుతోంది. లలిత మొగుడు సునీల్‌కుమార్‌కి బడ్జ్ బడ్జ్ డిపోలో ఆదివారం కూడా డ్యూటీయే. అందుకని లలిత శనివారం సాయంత్రమే నాలుగు ప్లగ్గులు, ఒక సెట్టు వైర్లు, పొడుగాటి ప్లగ్గు పానా తెచ్చిపెట్టుకుంది.

ఆదివారం పొద్దున్నే వాన తెరిపిచ్చింది. లలిత కొంగు దోపుకుని బానెట్టు ఎత్తింది.

"ఏటమ్మా, నువ్వే ఇప్పేస్తావేటి?" అన్నాడు అరుగు మీంచి సూరన్న.

"ఇప్పేస్తాను మావయ్యా. వీడియో మూడుసార్లు సూసినాను."

ఆయన టీ గ్లాసు కింద పెట్టేసి, వచ్చి పక్కన నిలబడ్డాడు. లోపల కొంచెం గుబులుగానే ఉంది. పంపుహౌసులో ఉన్నవన్నీ కరెంటు మోటార్లు. కరెంటు పోతే తిప్పడానికి ఒక్క డీజిలింజను ఉండేది. డీజిలింజనుకి స్పార్కు ప్లగ్గు అన్నదే ఉండదు. అంటే సూరన్న ఇన్నేళ్లలో ఒక్క ప్లగ్గు కూడా చేత్తో పట్టలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం.

లలిత బ్యాటరీ మైనస్ తీగ ఊడదీసి పక్కకు పెట్టింది. ఇంతలో మూడో ఇంటి గురవమ్మ పరుగున వచ్చింది. మనవరాలికి ఒళ్లు కాలిపోతోందట, ఒక్కసారి వచ్చి చూడమంది. లలిత చేతులు కడుక్కుని, థర్మామీటరు తీసుకుని, "ఇప్పుడే వొచ్చేస్తాను మావయ్యా" అని వెళ్లిపోయింది.

సూరన్నకి ఖాళీగా నిలబడ్డం చేతకాదు. పిల్ల వచ్చేలోపు కొంత పని అయితే తనకి సుళువు కదా అనుకున్నాడు. పాత వైర్లు ఎలాగూ పారేసేవే. నాలుగింటినీ ఒక్కొక్కటే మెలితిప్పి, అటు చివరా ఇటు చివరా పీకి, గుడ్డతో తుడిచి, అరుగు మీద వరసగా పరిచాడు. ఇంజను మీద దుమ్ము కూడా శుభ్రంగా తుడిచేశాడు. దూరం జరిగి చూసుకుంటే పని నీటుగా ఉందనిపించింది.

లలిత తిరిగొచ్చి ఆ వరస చూసి ఆగిపోయింది.

"మావయ్యా, ఏ వైరు ఎక్కడిదో గురుతెట్టినావా?"

"గురుతేటి?"

"ఒకటి తీసి, దాని బదులు కొత్తది ఎట్టినాకే రెండోది తియ్యాల. ఏ సిలిండరు వైరు దానికే అందకపోతే ఇంజను తిరగదు."

 సూరన్న అరుగు మీది వైర్లకేసి చూశాడు. రెండు పొడుగు, రెండు పొట్టి. అంతకు మించి ఏమీ చెప్పలేని నల్లటి వైర్లు.  లలిత తిట్టుంటే బాగుండేదనిపించింది ఆయనకి. ఆమె మెట్టు మీద కూర్చుని ఫోను తీసింది. వీడియోలోని కారు వేరు, వైర్లకి కరెంటు పంపే కాయిలు అమరిక వేరు.

"నాను ఖిదిర్‌పూర్ పోయి ఎవలైనా మెకానిక్కుని తీసుకొస్తానుండు," అన్నాడు చొక్కా వెతుక్కుంటూ.

"ఆదివారం ఎవలుంటారు? కూకో మావయ్యా. కాయిలు మీద నంబర్లుంటాయంటన్నాడు ఈ వీడియో దాదా. నాకేటీ కనపడ్డం లేదు."

సూరన్న వంగి చూశాడు. నల్ల ప్లాస్టిక్కు, దాని మీద పాత నూనె మరకలు. కళ్లకేమీ ఆనలేదు. బొటనవేలితో మెల్లగా తడిమాడు. వైరు దూర్చే మూతి పక్కన ఏదో చిన్న గాడి తగిలింది. ఇంకో మూతి పక్కన కూడా అలాంటిదే. ఆయన మొహం ఒక్కసారిగా విచ్చుకుంది.

"ఉన్నాయే! ఉండు, ఇప్పుడే సూపిస్తాను."

పంపుల మీద అచ్చు అంకెలు అరిగిపోయి కనబడనప్పుడు పంపుహౌసు ఫిట్టర్లు చేసే పని ఒకటుంది. సూరన్న జేబులోంచి ఖైనీ పొగాకులో కలుపుకునే సున్నం డబ్బా తీశాడు. కాయిలు విప్పి బయటికి తెమ్మన్నాడు. రవ్వంత సున్నం వేలికి తీసుకుని ప్లాస్టిక్కు మీద రుద్ది, ఆరనిచ్చి, పొడి గుడ్డతో పైపైన తుడిచాడు. గాడుల్లో నిలిచిన సున్నం తెల్లగా తేలింది. ఒకటి, నాలుగు, రెండు, మూడు.

"ఓలమ్మో!" అంది లలిత. వెంటనే ఫోటో తీసుకుంది.

ఆ తరవాత కాయిలుని గుడ్డ మార్చి మార్చి తుడిచాడు సూరన్న. కరెంటు నడిచే చోట సున్నం మిగలకూడదంటూ పుల్లతో గాడులు కూడా గీకాడు. ఇంజను బెల్టు వైపుది ఒకటో సిలిండరని వీడియోలో చెప్పారు కాబట్టి ఇక తికమక లేదు.

లలిత ప్లగ్గు గుంతల్లో దుమ్ము ఊది, పాత ప్లగ్గులు విప్పింది. వాటి ముక్కులు మసిబారి అరిగిపోయి ఉన్నాయి. కొత్తదాన్ని పానాకి తగిలించి గుంతలోకి దించబోతే, సూరన్న ఆపాడు.

"పానాతో వొద్దమ్మా. మర అడ్డంగా ఎక్కిందంటే ఇంజను తలకాయే పోతాది. మొదలు ఎప్పుడూ సేత్తోనే."

"సెయ్యి దూరదు కదా?"

ఆయన ఇంట్లోకెళ్లి జానెడు రబ్బరు గొట్టం ముక్క పట్టుకొచ్చాడు. దాని చివర ప్లగ్గు గుచ్చి, గుంతలోకి దించి, వేళ్లతో తిప్పమన్నాడు. మర మెత్తగా పట్టుకుంది. తప్పు మరైతే గొట్టమే జారిపోతుంది, బలవంతం చెయ్యదు. లలిత నాలుగూ అలాగే ఎక్కించి, ఆఖర్న పానాతో చిన్న బిగింపు ఇచ్చింది. తరవాత కాయిలు బిగించి, ఆయన అంకె చదువుతుంటే ఆమె వైరు తగిలించింది. ప్రతి వైరు టోపీ టక్కుమని కూర్చునే దాకా నొక్కింది.

బ్యాటరీ తీగ పెట్టి తాళం తిప్పింది. ఇంజను ఒక్కసారి ఒళ్లు విదిలించుకుని, కుట్టుమిషను లాగా నిలకడగా అందుకుంది. సూరన్న చెవి ఒగ్గి చాలాసేపు విన్నాడు. ఎక్కడా తప్పిపోవడం లేదు.

"నీకొకటి సెప్పాలమ్మా," అన్నాడు. "ప్లగ్గుల సంగతి నాకు తెలీదు. మా ఇంజనుకి ప్లగ్గులే లేవు."

"డీజిలుకి ఉండవు కదా మావయ్యా. వీడియోలో మొదటి మాటే అది," అంది లలిత చేతులు తుడుచుకుంటూ. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

మధ్యాహ్నం తిని బయల్దేరారు. సేతు మీద కారు మూడో గేరులో గుక్క తిప్పుకోకుండా ఎక్కేసింది. కింద గంగ బురదరంగులో నిండుగా పారుతోంది. సూరన్న దాన్ని చూడలేదు. చెవులు ఇంజను మీదే పెట్టి కూర్చున్నాడు.

అప్పమ్మ గుమ్మంలోనే నాలుగు తిట్లు తిట్టి, తరవాత తమ్ముడి చెయ్యి పట్టుకుని వదల్లేదు. కారు కథ చెప్పమంటే సూరన్న దాచకుండా చెప్పాడు.

"ఎదవ పని సేసింది నాను. సరిసేసింది ఈ పిల్ల."

"సున్నం ఎవలిది మరి?" అంది లలిత.

"అదిసరేగానీ," అంది అప్పమ్మ కర్ర వెతుక్కుంటూ, "నెల్లాళ్లయింది ఈ గోడలు సూసి సూసి. నన్నూ ఒకపాలి తిప్పండర్రా."

కాలు చాపుకోవడానికి వీలుగా ముందు సీటు వెనక్కి జరిపి, ఇద్దరూ చెరో వైపు పట్టి ఎక్కించారు. కారు రైల్వే యార్డు గోడ పక్కనుంచి మెల్లగా నడిచింది. అప్పమ్మ కనిపించిన ప్రతివాళ్లకీ చెయ్యి ఊపింది. ఆగిన చోటల్లా ఎవరో ఒకరు పలకరించారు. ఒక చుట్టు అయ్యాక లలిత ఇంటివైపు తిప్పబోతే, "ఇంకోపాలి," అంది అప్పమ్మ.