పిలిస్తే రాని కుక్క

అండమాన్‌లో ట్రాన్స్‌ఫర్ల కాలం వచ్చిందంటే అందరి ఫోన్లూ సంతల్లా తయారవుతాయి. మెయిన్‌ల్యాండ్‌కు వెళ్లిపోయే ఉద్యోగులు ఫ్రిజ్ ఫొటో పెడతారు, కూలర్ ఫొటో పెడతారు, డబుల్ కాట్ ఫొటో పెడతారు. ఆ వరసలోనే కుక్క ఫొటో కూడా పెడతారు. సామాను గురించి ‘కండిషన్ బాగుంది’ అని రాసిన చేత్తోనే కుక్క గురించి ‘మంచి ఇంటికి మాత్రమే’ అని రాస్తారు. ఓడలో తీసుకుపోవడం కష్టం, విమానంలో ఇంకా కష్టం, అక్కడ అపార్ట్‌మెంట్ వాళ్లు ఒప్పుకోరు. కారణాలన్నీ నిజమే. అయినా ఇన్నేళ్లూ కాళ్ల దగ్గర పడుకున్న ప్రాణిని మంచం పక్కన ఫొటోగా చూస్తే ఒళ్లు మండుతుంది. మండి ఏం లాభం? ఈ దీవుల్లో జాతి కుక్కలు చాలా ఇళ్లకు చేరేది ఆ దారినే.

ఆ మే నెలలో సుమ ఫోన్‌లోకి అలాంటి ఫొటోలు రెండొచ్చాయి. ఒకటి జర్మన్ షెపర్డ్, రెండోది బోర్డర్ కోలీ. సుమ పోర్ట్‌బ్లెయిర్‌లో రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేస్తుంది, వారానికోసారి వండూర్‌లో అమ్మానాన్నల దగ్గరికి వస్తుంది. కుక్క కావలసింది ఆమెకు కాదు, వాళ్లమ్మ నూకరత్నానికి. నూకరత్నం అడిగిందా అంటే అడగలేదు. అడగకపోవడమే సుమకు బెంగ.

నూకరత్నం ఇల్లు ఖాడీ ఒడ్డున ఉంది. సముద్రం నుంచి లోపలికి చొచ్చుకొచ్చిన ఉప్పునీటి పాయను అక్కడ అందరూ ఖాడీ అనే అంటారు. అవతలి ఒడ్డున వాళ్ల కొబ్బరి తోట. మనిషి వెళ్లాలంటే ఎగువనున్న చెక్క వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోవాలి. మాటకు మాత్రం వంతెన అక్కర్లేదు. మధ్యాహ్నం వంట కాగానే ఆ వరస ఇళ్ల ఆడవాళ్లు ఒడ్డుకొచ్చి, నోటి దగ్గర చేతులడ్డం పెట్టుకుని, తోటల్లో ఉన్నవాళ్లను అన్నానికి కేకేస్తారు. వాళ్ల అత్తల నాటి నుంచీ ఉన్న అలవాటది. అందరిలోకీ నూకరత్నం గొంతు పెద్దది. ఆమె మొగుణ్ని పిలిస్తే పక్క తోటల మొగుళ్లు కూడా పార కింద పెట్టి లేచేవారు.

కాలూ ఆమె పెంచిన నల్ల కుక్క. ఏ జాతిదో దాన్ని కన్న తల్లికి కూడా తెలిసుండదు. పొద్దున్నే ఆమె భర్త కన్నారావు వెంట బుద్ధిగా వంతెన మీద నడిచి తోటకు పోయేది. మధ్యాహ్నం ఆమె కేక వినపడిందంటే వంతెన ఊసే మరిచిపోయి నీళ్లలో దూకి, అడ్డంగా ఈదుకుని వచ్చేసేది. ఆమెకు అది మహా గర్వం. చుట్టాలొస్తే ఒడ్డుకు తీసుకెళ్లి మరీ పిలిచి చూపించేది.

కిందటి వానాకాలంలో బీచ్ వైపు మొసలి కనిపించిందన్నారు. జనం స్నానాలు చేసేచోట వల కట్టారు. వల కట్టారు కాబట్టి మొసలి వల అవతలే ఉంటుందని ఖాడీ ఒడ్డు వాళ్లంతా నిశ్చింతగా ఉన్నారు. సముద్రానికీ ఖాడీకీ మధ్య వల ఎవరు కట్టారన్న ప్రశ్న ఒక్కరికీ తట్టలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నీళ్ల పక్కన బతికేవాళ్లే ఇలాంటి పొరపాటు చేస్తారు. కొత్తవాళ్లయితే ముందే భయపడి ఊరుకునేవాళ్లు. నూకరత్నం ఆ రోజూ ఎప్పటిలాగే కేకేసింది. కాలూ ఎప్పటిలాగే దూకింది. పాయ మధ్యలో నీళ్లు ఒక్కసారి పైకి లేచాయి. ఆ తర్వాత ఖాడీలో ఏమీ లేదు.

అప్పటి నుంచి ఆమె ఎవరినీ కేకెయ్యలేదు. కన్నారావుకు మిస్డ్ కాల్ ఇస్తుంది. సిగ్నల్ లేని రోజున అన్నం చల్లారిపోతుంది. సాయంత్రం నడక మానేసింది, షుగర్ పెరిగింది, ఇరుగుపొరుగుతో మాట కూడా గొంతులోనే మింగేసినట్టు తగ్గించేసింది. కుక్కే కదా అన్నారు కొందరు. అనేవాళ్లకేం, ఎన్నయినా అంటారు.

సుమ ఫొటోలు రెండూ తండ్రికి చూపించింది. రెండూ గొర్రెల్ని కాసే జాతులేనని చెప్పింది. ఈ దీవిలో గొర్రెలెక్కడున్నాయని కన్నారావు అడిగాడు. ఇంట్లో ఉన్నవి మేకలు, వాటిని కాయడానికి ఇంత చదువుకున్న కుక్కలెందుకన్నాడు. అని, ఫోన్ మాత్రం వదల్లేదు. జర్మన్ షెపర్డ్ ఫొటోను వేళ్లతో పెద్దది చేసుకుని చూశాడు. ఇలాంటిది తోటలో ఉంటే కొబ్బరికాయ మీద చెయ్యి వేసే మొనగాడు ఉండడన్నాడు. సుమ మనసు కోలీ మీద ఉంది. షెపర్డ్‌కు వయసు మీద పడితే నడుము పట్టేస్తుంది, ఈ ఉక్కపోతలో అంత బొచ్చుతో అల్లాడిపోతుంది అంది. కోలీకి బొచ్చు తక్కువేం కాదు గానీ ఒళ్లు తేలిక. పైగా దానికి బుర్ర ఊరికే ఉండదు, పని చెప్పకపోతే అదే పని వెతుక్కుంటుంది, పొద్దునా సాయంత్రం తిప్పి తీరాలి. ఎవరు ఎవర్ని తిప్పుతారో గానీ అమ్మ గడప దాటుతుంది కదా అని సుమ లెక్క.

పెరట్లో చేపలు తోముతున్న నూకరత్నం ఇదంతా వింటూనే ఉంది. కాసేపటికి చెయ్యి ఆపి, తల తిప్పకుండానే అడిగింది.

“పిలిత్తే రానిది ఏదే, సుమా?”

కన్నారావు నవ్వాడు. సుమ నవ్వలేదు. ఈ రెండు జాతులకూ పేరొచ్చిందే ఒక్క పిలుపుకు వచ్చేస్తాయని, అని నెమ్మదిగా చెప్పింది.

“అయితే రెండూ వొద్దు. నా మాట ఇనే కుక్క నాకొద్దు.”

“ఏక్ బార్ దేఖ్ లే అమ్మా, బస్. ఒక్కసారి చూడు, నచ్చకపోతే వచ్చేద్దాం.”

కూతురు ఆ గొంతుతో అడిగితే నూకరత్నం కాదనలేదు. మర్నాడు ముగ్గురూ బస్సెక్కారు.

రెండు కుక్కలూ పోర్ట్‌బ్లెయిర్‌లో బతు బస్తీలోనే ఉన్నాయి, రెండు వీధుల ఎడంలో. ముందు ఫణికుమార్ ఇంటికి వెళ్లారు. ఆయనకు మెయిన్‌ల్యాండ్ పోస్టింగ్ వచ్చింది, ఇంట్లో సగం సామాను అట్టపెట్టెల్లోకి ఎక్కేసింది. షెపర్డ్ పేరు టైగర్. అది పెరట్లో చెట్టు నీడన నాలుక వేలాడేసుకుని పడుకుని ఉంది. ఫణికుమార్ వీధి వసారాలో నుంచి మామూలు గొంతుతోనే పిలిచాడు. అంత పెద్ద కుక్కా అడ్డంగా ఉన్న బెంచీ మీంచి దూకి, పెట్టెల మధ్య నుంచి దూసుకొచ్చి ఆయన మోకాలికి ఆనుకుని నిలబడింది. కన్నారావు ముఖం వెలిగిపోయింది. ఇప్పుడు మీరు పిలవండమ్మా అని ఫణికుమార్ దాన్ని మళ్లీ పెరట్లోకి పంపాడు.

నూకరత్నం నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మంచినీళ్లు కావాలని చేత్తో సైగ చేసి, తాగి, గ్లాసు పెట్టేసి బయటికొచ్చేసింది.

కన్నారావుకు ఒళ్లు మండింది. వీధిలోకి వచ్చాక ఆ సారు ముందు పరువు తీశావన్నాడు. అలాంటి కుక్క మళ్లీ దొరుకుతుందా అన్నాడు. ఆమె ఒక ఇంటి గోడ నీడలో ఆగి కొంగుతో ముఖం తుడుచుకుంది.

“అది బంగారంనాటి కుక్క బావా. అందుకే వొద్దన్నాను.” కొంగు దులిపి భుజాన వేసుకుని మళ్లీ అంది. “మీకు సెప్పనేదు. ఆ దినం నీల్లలో గీతనాగ ఏటో కదలడం నాను ముందే సూసినాను. ఎనక్కి పో, ఎనక్కి పో అని అరిసినాను. నా గొంతు ఇని కాలూగాడు ఇంకా జోరుగా ఈదినాడు.”

ఇన్ని నెలలూ ఆ మాటను కడుపులో పెట్టుకుని తనకు అన్నం వడ్డించిందా అనుకున్నాడు కన్నారావు. సుమ తల్లి చెయ్యి పట్టుకుంది. ఇంటికి వెళ్లిపోదాం అంది. కానీ రెండో ఇంటావిడ వీళ్లకోసం ఎదురుచూస్తూ ఉంటుంది. వస్తామని చెప్పి రాకపోవడం బాగుండదని నూకరత్నమే కదిలింది.

రెండో ఇల్లు సౌమ్యది. ఆమె టీచరు. భర్తకు ముందే బదిలీ అయింది, ఆమె ఈ సెలవుల్లో వెళ్లిపోతోంది. వాళ్ల గేటు ముందే రోడ్డు, ఆ అవతల ఖాళీ స్థలం. కోలీ పేరు మిష్టి. నలుపూ తెలుపూ కలిసిన సన్నటి కుక్క. వీళ్లు వెళ్లేసరికి అది నేలను కరుచుకుని పక్కింటి బాతుల్ని కన్నార్పకుండా చూస్తోంది. ఏ బాతైనా గుంపు విడిచి పక్కకు పోతే లేచి, మెల్లగా చుట్టూ తిరిగి, మళ్లీ గుంపులో కలిపి వచ్చి పడుకుంటోంది. బాతులకు అది అలవాటైపోయినట్టుంది, తిట్టుకుంటూనే కలుస్తున్నాయి.

సౌమ్య టీ ఇచ్చింది. కుక్క గురించి చెబుతూ చెబుతూ రెండుసార్లు లోపలికి వెళ్లి వచ్చింది, వచ్చిన ప్రతిసారీ కళ్లు ఎర్రగా ఉన్నాయి. తర్వాత మిష్టిని రోడ్డు అవతలికి తీసుకెళ్లి ఖాళీ స్థలం చివర కూర్చోబెట్టి, తాను గేటు దగ్గరికి వచ్చి నిలబడింది.

“మిష్టీ, ఆజా.”

కుక్క పరుగు అందుకుంది. నూకరత్నం ముఖం తిప్పేసుకుంది. అంత ఆత్రంగా వచ్చే ప్రాణిని చూసే శక్తి ఆమెకు లేదు.

“రుక్.”

పరుగు చప్పుడు ఆగిపోయింది. నూకరత్నం మెల్లగా తల తిప్పింది. మిష్టి రోడ్డుకు ఇవతల లేదు. రోడ్డుకు అవతలే, ఉన్నచోటనే, పొట్ట నేలకు ఆనించి పడుకుని ఉంది. దాని ముందు నుంచి ఒక నీళ్ల ట్యాంకర్ దడదడలాడుతూ వెళ్లిపోయింది. అది చెవి కూడా కదపలేదు.

“ఇంకోపాలి సూపించండి, మేడమ్,” అంది నూకరత్నం.

సౌమ్య మళ్లీ చూపించింది. ఇంకోసారీ చూపించింది. ప్రతిసారీ కుక్క వేరేచోట ఆగింది, పరుగు మధ్యలో ఎక్కడ మాట వినపడితే అక్కడే.

“రావడం దీనికి ఎవరూ నేర్పలేదక్కా, రమ్మనకముందే వచ్చేస్తుంది,” అంది సౌమ్య. “మాకు ఇంటి ముందే రోడ్డు. అందుకని ఆగడం నేర్పాను. నెలలు పట్టింది. గొర్రెల దగ్గర కూడా వీటికి అదే అసలు పనిట. ఎంత జోరులో ఉన్నా మధ్యలో ఆగిపోవడం.”

మంచి కుక్క అంటే పిలిస్తే వచ్చేదని నూకరత్నం ఇన్నాళ్లూ అనుకుంది. కాలూకు అన్నం పెట్టి, ఒళ్లు నిమిరి, రా అన్న ఒక్క మాటే నేర్పింది. ఆగు అన్న మాట ఆమె దగ్గర ఉంటే ఆ రోజు దాన్ని వాడేది. లేకపోయింది. ఖాడీ ఒడ్డున ఏ ఇంట్లోనూ ఆ మాట లేదు. అక్కడ అందరూ రమ్మనడమే నేర్చుకున్నారు. ఆ సంగతి తెలిశాక ఆమెకు దుఃఖం తగ్గలేదు గానీ, ఊపిరాడకుండా ఛాతీ మీద కూర్చున్న బరువు కాస్త పక్కకు జరిగింది.

మీరొకసారి పిలిచి చూడండక్కా అని సౌమ్య అంది. అని, కుక్కను మళ్లీ ఖాళీ స్థలం చివర కూర్చోబెట్టి వచ్చింది. ఆపాలంటే ముందు పిలవాలి. ఆ సంగతి అక్కడున్న నలుగురికీ తెలుసు. కన్నారావు ఆమెను చూడలేక నేల చూపులు చూస్తున్నాడు.

నూకరత్నం గేటు పట్టుకుంది. మొదటిసారి గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి బొంగురుగా ఏదో వచ్చింది, కుక్క చెవులు నిక్కించింది గానీ లేవలేదు. మూడోసారి ఆమె గేటు వదిలేసి, నోటి దగ్గర చేతులడ్డం పెట్టుకుంది.

“మిష్టీ, ఆజా!”

బతు బస్తీలో ఆ వీధి అంత గొంతు ఎన్నడూ విని ఉండదు. పక్కింటివాళ్లు కిటికీలోకి వచ్చారు, బాతులు చెల్లాచెదరయ్యాయి. మిష్టి బాణంలా వచ్చేస్తోంది. కళ్లు ఆమె మీదే, నాలుక బయట పెట్టి, ఈ లోకంలో ఆమె తప్ప ఇంకేమీ లేనట్టు వచ్చేస్తోంది. నూకరత్నం ఈసారి తల తిప్పుకోలేదు.

“రుక్!”

మిష్టి అక్కడికక్కడే నేలకు అతుక్కుపోయింది. రోడ్డుకు నాలుగడుగుల అవతల, డొక్కలెగరేసుకుంటూ, ఆమె నోటి వైపే చూస్తూ ఉంది.

ఆగిందా అని కన్నారావు మెల్లగా తలెత్తాడు. ఇప్పుడు మళ్లీ ఆజా అనండి, వచ్చేస్తుంది అని సౌమ్య చెప్పింది. నూకరత్నం ఆ మాట అనలేదు. బొటబొటా కారుతున్న కళ్లు తుడుచుకోకుండానే గేటు తీసింది. రోడ్డుకు ఆ చివరా ఈ చివరా చూసుకుంది. మోకాళ్ల నొప్పితో మెల్లగా అడుగు వేసింది.

“నువ్వు రాకు,” అంది. “అక్కడే ఉండు తల్లీ. ఈపాలి నానే ఒస్తన్నాను.”

అని రోడ్డు దాటి దాని దగ్గరికి వెళ్లింది.