గడిలో నా వేషం

"ఇంట్ల చేసే పనే గదనే. ఆడ చేస్తే చెయ్యి అరిగిపోతదా?" అన్నాడు మా ఆయన సదానందం. గడి మ్యూజియంలో, చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం నన్ను విసుర్రాయి ముందు కూర్చోమన్నారని చెప్పిన రోజు అది. అప్పుడు నేను అతని బొగ్గుగని డ్యూటీ బట్టలు ఉతుకుతున్నాను. మూడోసారి జాడించినా నీళ్లు నల్లగానే పోతున్నాయి. పద్దెనిమిదేళ్లుగా ఆ బొగ్గు బట్టలు ఉతికేది నేనే. "ఇంట్ల నీకేం పనుంటది" అని అన్నేళ్లూ అన్న మనిషి, నేను చేసేది పని అని ఒప్పుకున్నది అదే మొదటిసారి. అదీ ఇంకొకరి ఇంట్లో ఇంకో చాకిరీకి పంపడానికి. నాకు నవ్వొచ్చింది. నవ్వితే "ఏందా పండ్లికిలించుడు" అంటాడని మింగేశాను.

మాది గోదావరిఖనిలో క్వార్టర్. గోదావరి బ్రిడ్జి దాటి, జైపూర్ అవతల ఒక పల్లెలో ఉంది ఆ గడి, పాత దొరల కోటలాంటి ఇల్లు. దొరల మనవడు ప్రశాంత్ రావు హైదరాబాదు నుంచి వచ్చి, కూలిపోతున్న గోడలకు సున్నం వేయించి, తాతల పల్లకీలు, బోషాణాలు, పులితోలు బయటికి తీసి మ్యూజియం చేశాడు. నడిపేదంతా ఆయన భార్య రమ మేడం. నన్ను మొదట ఊడవడానికే పెట్టుకున్నారు. గదికో బోర్డు ఉంటుంది. వంటింటి ముందు బోర్డు మీద, "ఊరి మహిళలు పండుగ వాతావరణంలో ఇక్కడి పనుల్లో పాలుపంచుకునేవారు" అని రాసి ఉంది. అది చదివిన రోజు చీపురు పట్టుకుని అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. మా అమ్మ లింగవ్వ పెరిగింది ఆ పండుగ వాతావరణంలోనే. పదేళ్లప్పటి నుంచి ఆ వంటింట్లో వడ్లు దంచింది, పిండి విసిరింది. కూలీ లేదు, రానని చెప్పే నోరూ లేదు. దానికి ఊళ్లో అందరికీ తెలిసిన పేరు వెట్టి. బోర్డులో ఆ మాట ఎక్కడా లేదు. మేడంను అడిగాను. "నెగెటివ్ మాటలు వద్దనుకున్నాం అనసూర్యా, పిల్లలతో వస్తారు కదా" అంది.

మా బాపు మొగిలి పెళ్లి కాగానే అమ్మను తీసుకుని గోదావరి ఇవతలికి వచ్చేసి బొగ్గుబాయిలో చేరాడు. "భూమి కిందికన్న దిగుత గని, ఆ గడి ముంగట నడుము వంచ" అన్నాడట. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఆయన దాటొచ్చిన నదిని రోజూ పొద్దున ఆయన కూతురు ఆటోలో ఎదురు దాటుతోంది. ఈ సంగతి అమ్మకు చెప్పడానికి నాకు మూడు నెలలు పట్టింది. అమ్మ బెల్లంపల్లిలో మా అన్న దగ్గర ఉంటుంది. చెబితే తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఏ దర్వాజ నుంచి పోతున్నవ్ బిడ్డా?" అని ఒక్కటే అడిగింది.

"ఎనుక దర్వాజ నుంచి. పనోళ్లకు అదేనంట."

అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నాకు ఒళ్లు మండింది. "ఇప్పుడు కాలం మారిందే అవ్వా, గది మ్యూజియం" అన్నాను. "మారిందా?" అంది అటు తిరిగే. వెటకారం కాదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది.

విసుర్రాయి ముందు కూర్చున్న మొదటి రోజు చెప్పులు విప్పమన్నారు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా బూట్లతో తిరుగుతూనే ఉన్నారు. రెండో వారం ముతక చీర ఒకటి ఇచ్చి, మోకాళ్ల మీదికి కట్టుకోమన్నారు. మార్చుకోవడానికి వంటింటి పక్కన చిన్న అర్ర చూపించారు. కిటికీ లేదు. తలుపుకు గడియ బయటివైపే ఉంది.

"లోపట గడియ లేదేంది మేడం?"

"ఒరిజినల్‌గా అలాగే ఉండేది. మేం మార్చలేదు" అంది మేడం.

ఆ అర్రలో చీర మార్చుకుంటున్నంతసేపూ తలుపును మోకాలితో ఒత్తిపట్టుకునేదాన్ని. ఎందుకు, ఎవరొస్తారు అని నన్ను నేను తిట్టుకునేదాన్ని. అయినా మోకాలు తీసేదాన్ని కాదు. అమ్మ ఎప్పుడూ ఆ అర్ర గురించి మాట్లాడలేదు. గడిలో ప్రతి మూల గురించీ ఏదో ఒకటి చెప్పిన మనిషి, దాని గురించి ఎందుకు చెప్పలేదా అని అక్కడ నిలబడే ఆలోచించేదాన్ని.

తర్వాత పేరు పోయింది. పాత కాగితాల్లో దొరికిందని నాకు పోశవ్వ అని పెట్టారు. ఆ తర్వాత మాట. ఒక ఆదివారం ఎవరో కుర్రవాడు ఫోన్ నా ముఖానికి పెట్టి, "ఆంటీ, 'నీ బాంచెన్ దొరా' అను" అన్నాడు. నేను నీ బానిసను అని దొర ముందు వంగి చెప్పుకునే మాట అది. బాపు బతికున్నన్నాళ్లూ మా ఇంట్లో ఆ మాట వినపడలేదు. చిన్నప్పుడు మా అన్న ఆటలో అంటే చెంప పగలగొట్టాడు. నేను అననని చెప్పాలి. చుట్టూ పదిమంది నిలబడ్డారు, మేడం నవ్వుతూ చూస్తోంది. అనేశాను. తల వంగింది, గొంతు సన్నబడింది, ఊపిరి అక్కడే ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఎంత నాచురల్‌గా వచ్చిందో" అంది మేడం. ఆ మాట నాకు అంత సులువుగా ఎలా వచ్చిందో అర్థం కాలేదు. మంగళవారం నుంచి అదీ నా డ్యూటీలో చేరింది. మేడం నా జాకెట్ వైపు కూడా ఒకటి రెండుసార్లు చూసి, "అప్పట్లో జాకెట్లు ఉండేవి కావు, దాని సంగతి తర్వాత చూద్దాం" అంది. తర్వాత అంటే ఎప్పుడని నేను అడగలేదు. బాంచెన్ మాట సంగతి ఇంట్లో చెబితే మా ఆయన, "మాటే గదా, ఏమన్న గుచ్చుకుంటదా" అన్నాడు.

సోమవారం మ్యూజియంకు సెలవు. అలా ఒక సోమవారం మధ్యాహ్నం సదానందం మొదటి షిఫ్టు నుంచి వచ్చి తింటున్నాడు. "చారు పొయ్యి" అన్నాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా.

"పోస్తున్న బాంచెన్" అన్నాను.

నా నోరే. చారు పోసిన గరిటె చేతిలోనే ఉండిపోయింది. ఇప్పుడు నవ్వుతాడు, లేకపోతే "పిచ్చిలేసిందానె" అని కసురుకుంటాడు అనుకున్నాను. అతను చారు కలుపుకుని, "ఉప్పు తక్కువైంది" అన్నాడు. వినపడక కాదు, రెండడుగుల దూరంలోనే ఉన్నాను. ఆ మాట అతనికి ఎక్కడా కొత్తగా తగల్లేదు. నాకు భయం వేసింది. గడిలోని ఆ అర్రలో కూడా అంత భయం వేయలేదు. ఉప్పు తెచ్చి వేశాను.

దసరా సెలవులు దగ్గరికొచ్చాయి. "మీ దీపను తీసుకురా" అంది మేడం. దీప నా కూతురు, పదో తరగతి. "దొర కుర్చీ వెనక విసనకర్రతో నిలబడితే చాలు. అప్పట్లో తల్లీకూతుళ్లు కలిసే వచ్చేవాళ్లట. ఒరిజినల్‌గా ఉంటుంది." ఇంట్లో అడిగి చెబుతానన్నాను. నేను ఇల్లు చేరేసరికే ఆమె మా ఆయనకు ఫోన్ చేసింది, ఆయన సరేనన్నాడు. "సెలవులల్ల ఫోన్ సూసుకుంట పండుడేనాయె, పోనీ" అన్నాడు. తన వీడియోలు క్లాసు అంతా చూస్తుందని దీపకూ సంబరమే. అది వద్దంటుందేమో, దాన్ని అడ్డం పెట్టుకుని నేనూ వద్దనొచ్చని అంతదాకా ఆశపడ్డాను. సిగ్గులేని ఆశ. కూతురి నోటితో నా మాట చెప్పించాలనుకున్నాను.

మర్నాడు పోవాలనగా సాయంత్రం, నేను మడత పెట్టిన బట్టలు తీసుకుని మా ఇంటి లోపలి అర్రలోకి పోతుంటే దీప అద్దం ముందు నా పాత చీర చుట్టుకుని నిలబడి ఉంది. "నీ బాంచెన్ దొరా" అంది. తల వంగింది, గొంతు చివరికొచ్చేసరికి సన్నబడింది. ఎదుటి మనిషికి కోపం వచ్చిందో లేదో తెలిసేదాకా ఊపిరి బిగబట్టింది. ఒక్కటీ తప్పలేదు. 

"ఎవలు నేర్పిండ్రే నీకు? మేడమా?"

"ఎవలు నేర్పుడేందమ్మా" అంది అద్దంలోంచే. "నువ్వు డాడీకి జవాబు చెప్తవు గదా, గదే గొంతు. మాటొక్కటి మార్చిన, గంతే."

బట్టలు మంచం మీద పెట్టాను. గడి నాకేదో అంటించిందని ఇన్నాళ్లూ మేడంను తిట్టుకుంటున్నాను. అంటించింది గడి కాదు. ఆ గొంతును ఈ క్వార్టర్ నుంచే రోజూ మోసుకుపోయి అక్కడ చప్పట్లు కొట్టించుకున్నాను. నా బిడ్డ పుట్టినప్పటి నుంచీ అదే వింటూ పెరిగింది.

ముందర్ర నుంచి సదానందం కేకేశాడు. "అనసూర్యా, పిల్లను ఎనిమిదింటికల్ల తయారు చెయ్యి. మేడం కారు పంపుతదట."

"అది పోదు బావా. నేను గూడ ఇంక పోను."

"ఏందీ?"

పద్దెనిమిదేళ్ల నుంచి ఆ "ఏందీ" వినగానే నేను మాట మార్చేసేదాన్ని. ఇప్పుడు నేనన్న మాటే, గొంతు సన్నబడనీకుండా, మళ్లీ చెప్పాను. అవతల మంచం కిర్రుమంది. అడుగులు ఇటే వస్తున్నాయి. దీప భయపడి నా వెనక్కి వచ్చి నిలబడింది. దాని చెయ్యి పట్టి లాగి, నా పక్కన నిలబెట్టుకున్నాను.