పిడికిట్లో వచ్చిన నోటి అద్దం

మల్లీశ్వరి కూతురు పళ్ల డాక్టరు వేలు కొరికి తునక తీసిందట, ఆయన ఆసుపత్రికి తాళం వేసుకుని పోయాడట. పక్కింటి అనసూయమ్మ కుళాయి దగ్గర చెప్పిన మాట ఇది. ఆమెకూ ఎవరో చెప్పారట. కొరికినప్పుడు నేను ఆ ఆసుపత్రిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. వేలికి గాటు పడిన మాట నిజం, తునక అబద్ధం. ఆ సాయంత్రం కూడా ఆసుపత్రి తెరిచే ఉంది.

నేను ఒక నోటి అద్దాన్ని. సన్నని స్టీలు కాడ, దాని చివర రూపాయి బిళ్లంత గాజు, అంతే నా ఒళ్లు. ఎక్కడో షెడ్డులో సానపట్టి, డబ్బాలో పెట్టి, కనిగిరి పంపారు. ఊళ్లో సగం నోళ్లు చూశాను. చొక్కా ఇస్త్రీ నలగని పెద్దమనుషులకు కూడా లోపల పుచ్చే.

మల్లీశ్వరి కూతురు హాసినికి ఎనిమిదేళ్లు. ఆటిజం ఉంది. మాటలు తక్కువ. చప్పుడైనా, వెలుతురైనా, ఒంటి మీద పడే చెయ్యైనా ఆ పిల్లకు మీకన్నా చాలా ఎక్కువగా తగులుతుంది. దవడ పన్ను పుచ్చి చెంప వాచింది. నమలలేక మజ్జిగతో సరిపెట్టుకుంటోంది.

మా వైపు పిల్లలకు చెవులు కుట్టించినా, సూది వేయించినా ఇంటిల్లిపాదీ కలిసి పట్టుకుంటారు. ప్రేమతోనే పట్టుకుంటారు. ఆ రోజూ అంతే. నాయనమ్మ వెంకాయమ్మ కాళ్లు, తల్లి చేతులు, కాంపౌండరు తల. పిల్ల నోటికి అందిన డాక్టరు వేలిని కొరికింది, ఎలాగో ఒక చెయ్యి విడిపించుకుని ట్రేలోంచి నన్ను లాక్కుంది. “ముందు నోరు తెరవడం నేర్పి తీసుకురండి” అని బిళ్లలు రాసిచ్చాడు డాక్టరు. పిడికిలి విప్పించడం ఎవరి వల్లా కాలేదు. అలా వాళ్లింటికి చేరాను.

హాసిని నాతో గోడ మీద ఎండను ఆడించేది. మల్లీశ్వరి అడ్డు చెప్పలేదు. రోజూ నన్ను నీళ్లలో మరిగించి, తన నోరు తెరిచి, చూడమని పిల్లకే ఇచ్చేది. ఒకనాడు హాసిని నన్ను నాయనమ్మ నోట్లో పెట్టింది. అక్కడ ఉన్నవి చిగుళ్లే.

“నిదానంగా చూడవే బంగారం. నా పళ్లు ఇంక యాడికి పోతయ్యి, ఎప్పుడో పోయినయ్” అంది ముసలామె.

తర్వాత కొన్నాళ్లకు పిల్ల తనంతట తానే నన్ను తన నోట్లో పెట్టుకుంది. బిళ్లలతో తగ్గిన వాపు ఈలోగా మళ్లీ మొదలైంది.

జనం లేని మధ్యాహ్నం వేళ చూడడానికి డాక్టరు ఒప్పుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, భోజనం కూడా వాయిదా వేసుకున్నాడు. హాసిని తనే కుర్చీ ఎక్కింది. నన్ను పట్టుకుని నోరు తెరిచింది. ఆయన వంగి చూశాడు.

“పన్ను దక్కుతుందమ్మా. ఇవాళే శుభ్రం చేసి మందు పెట్టేస్తా” అన్నాడు. ఆ సంతోషంలోనే పెద్ద లైటు పిల్ల ముఖం మీదకు తిప్పి, అలవాటు కొద్దీ కాంపౌండరుతో “తల కదలకుండా పట్టుకోవయ్యా” అన్నాడు.

చెయ్యి పడింది. నోరు మూసుకుంది. పిల్ల జారి కుర్చీ కిందకు దూరి చెవులు మూసుకుంది. నేను నేల మీద పడ్డాను.

“చూశారా, ఈ పాపకి ఇక్కడ కుదరదు. ఒంగోలు తీసుకుపోయి మత్తు ఇప్పించి చేయించుకోండి” అన్నాడు డాక్టరు.

వెంకాయమ్మ మనవరాలి పక్కన నేల మీద చతికిలబడి, తలెత్తి ఆయన్ని చూసింది.

“పిల్ల నోరు తెరిచింది గదయ్యా. పట్టుకోమంది నువ్వు.”