అడగని ఉత్తరాలు

దీపావళి మూడు వారాలు ఉందనగా నాగ్‌పూర్ నుంచి మా పాత గిరాకీ బాపురావు గారు ఫోన్ చేసి, ఈసారి లడ్డూలు చేయడం లేదా అని అడిగారు. అప్పటికే మేము మూడు మెయిళ్ళు పంపి ఉన్నాం. ఆయన వెతికి మళ్ళీ ఫోన్ చేశారు. మూడూ స్పామ్‌లో పడి ఉన్నాయట. మెయిల్ కంపెనీ వాళ్ళు అనుమానం వచ్చిన ఉత్తరాలను పడేసే చెత్తడబ్బా అది.

తుకుం పేటలో మాది పదకొండు మంది ఆడవాళ్ళ బచత్ గట్, అంటే పొదుపు సంఘం. ఎండాకాలంలో గోండ్‌పిప్రి వైపు నుంచి ఇప్పపువ్వు కొని ఎండబెట్టుకుంటాం, పండుగకు లడ్డూలు కడతాం. దుకాణం లేదు. ప్రదర్శనల్లో కొన్నవాళ్ళు మా నోట్‌బుక్‌లో తమ చేత్తో మెయిల్ అడ్రసు రాసి, తయారైతే చెప్పమని పోయేవారు. అట్లా రెండు వందల మంది దాకా ఉన్నారు. వాళ్ళకు కబురు అందకపోతే మా ఏడాది పనంతా డబ్బాల్లోనే ఉండిపోతుంది.

ఈసారి మా అధ్యక్షురాలు భాగ్యలక్ష్మి ఇంకో పెద్ద పట్టీ తెచ్చింది. బొగ్గు గనులున్న ఘుగ్గుస్ చుట్టుపక్కల పదకొండు వందల మంది అడ్రసులు. ఆమె మరిది విజయ్‌కుమార్ ఇచ్చాడు. "అందరు మన తెలుగోళ్ళే, లడ్డంటే ఎవరు వద్దంటరు?" అంది.

కంప్యూటర్ పని నా తోటికోడలు సుమన్‌ది. పెళ్ళికి ముందు లారీ ఆఫీసులో టైపు చేసేది. "కింద 'ఇక పంపొద్దు' అని నొక్కే మీట పెట్టాలె" అని సుమన్ అంటే భాగ్యలక్ష్మి నవ్వింది. "దుకాణం తెరిచి తలుపు మీద పొమ్మని రాస్తమా ఎక్కడన్న?" అందరం నవ్వాం. నేనూ నవ్వాను. మీట పెట్టకుండానే పాతా కొత్తా అందరికీ మూడుసార్లు పంపాం.

బాపురావు గారి ఫోన్ తర్వాత సుమన్ లెక్క తేల్చింది. "కొత్తోళ్ళు చానామంది మనది చెత్త అని నొక్కిండ్రు అక్కా. గంతమంది నొక్కితే కంపెనీ వాళ్ళు పంపినోళ్ళనే అనుమానిస్తరు. ఇగ పాత గిరాకీలకు పంపినా చెత్తలకే." మేము ఎన్నడూ తెరవని జవాబుల పెట్టె తెరిచింది. తిట్లే ఎక్కువ. ఒకటి మాత్రం తెలుగులో ఉంది. నోటితో చెప్పి ఫోన్‌తో రాయించినట్టుంది.

"లడ్డూల మేడమ్ గారికి. క్యాంపుల మా ఆయన శంకరయ్యకు ఛాతీ ఫోటో తీసిండ్రు. రిపోర్టు మెయిల్‌ల వస్తదన్నరు. అందుకే అడ్రసు ఇచ్చినం. ఫోన్ టింగుమంటే రిపోర్టే అనుకొని ఉరుకుతున్న. మూడుసార్లు మీ లడ్డూలే. ఆపమని చెప్పేతందుకు కింద ఏం లేదు. అందుకే రాస్తున్న. ఇగ పంపకుండ్రి. సావిత్రి."

ఆ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది.

నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదువుతాను కాబట్టి ఏ మాటనూ తొందరగా దాటిపోలేను. మా ఆయన చనిపోయిన ఏడాది, ఆసుపత్రి రికార్డు కోసమని ఎవరో నాతో ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. అది వేరే పనికి వాడారని నాకు తెలిసేసరికి రెండేళ్ళు గడిచాయి. ఈసారి ఎవరో వేరే పనికి ఇచ్చిన కాగితం మా చేతిలో ఉంది.

విజయ్‌కుమార్‌ను పిలిచి అడిగితే ఒప్పుకున్నాడు. దుమ్ము జబ్బుల క్యాంపు పెట్టిన సంస్థలో అతను గుమాస్తా. పట్టీ ఆ క్యాంపు రిజిస్టర్‌ది.

"ఘుగ్గుస్ పోయి మాఫీ అడిగొస్తం" అన్నాను.

"బస్సు కిరాయి పెట్టుకొని తిట్లు తినొస్తరా?" అంది భాగ్యలక్ష్మి.

మర్నాడు సుమన్, నేను వెళ్ళాం. పట్టీలో శంకరయ్య పేరు పక్కనున్న గని కాలనీ, చివరి వరస. ఒకామె గుమ్మం ముందు, ఆరేసిన బట్టల మీది బొగ్గుదుమ్ము దులుపుతోంది.

"సావిత్రంటే నువ్వేనా అమ్మా? తుకుం నుంచి వచ్చినం. లడ్డూలోళ్ళం."

ఆమె చేతిలో చీర అట్లాగే ఉండిపోయింది. "ఇంటికి గూడ వచ్చిండ్రా?"

లోపల మంచం మీద, వీపు వెనక రెండు దిండ్లు పెట్టుకుని ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆయనే శంకరయ్య. "వచ్చినోళ్ళు ఉత్తచేతులతోనేనా?" అని నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. సావిత్రి వెళ్ళి ఆయన వీపు రాసింది.

"మీ అడ్రసు క్యాంపు రిజిస్టర్ నుంచి మాకొచ్చింది. మిమ్మల్ని అడగకుండ వాడుకున్నం. తప్పు మాది" అన్నాను.

"నేను రాసిచ్చింది ఆయన ఊపిరి కోసం అక్కా" అంది సావిత్రి. గొంతు పెంచలేదు. "రిపోర్టు ఇంతవరకు రాలె."

సుమన్ ఆమె ఫోన్ వైపు చూపించింది. "చెల్లె, స్పామ్ చూసినవా?"

"అదేంది?"

సుమన్ ఫోన్ తీసుకుని రెండుసార్లు నొక్కింది. అక్కడ ఉంది రిపోర్టు. వచ్చి పందొమ్మిది రోజులు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని సుమన్ చదివి చెప్పింది: రెండు ఊపిరితిత్తులూ దుమ్ముతో దెబ్బతిన్నాయి, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రిలో చూపించాలి.

"పందొమ్మిది రోజులు ఇందులనే ఉందా?" అంది సావిత్రి. తర్వాత మా వైపు తిరిగింది. "మరి మీ లడ్డూలెట్ల ముందుకొచ్చినయి?"

సుమన్ చెప్పలేక చెప్పింది. "క్యాంపోళ్ళు కొత్త అడ్రసు నుంచి వందల మందికి ఒకేసారి పంపినట్టున్నరు. మెయిల్ కంపెనీ దాన్ని అనుమానించింది. మావి వచ్చినప్పుడల్లా నువ్వు తెరిచి చూస్తివి. ఇష్టమనుకొని మావే ముందు పెట్టింది."

శంకరయ్య కాళ్ళు కిందికి దించి చెప్పుల కోసం తడిమాడు. "ఇగ నడువు. ఏడ్చుడుంటే నాగ్‌పూర్ పెద్దాసుపత్రిల ఏడుద్దువు" అన్నాడు. సావిత్రి సంచి సర్దుతుంటే నేను బట్టలు మడిచి అందించాను. వాళ్ళు బస్సెక్కేముందు ఒక కాగితం మీద నా నంబర్ నా చేత్తో రాసి ఇచ్చాను. ఆమె తన నంబర్ ఇవ్వలేదు. "మీరు ఫోన్ చెయ్యకుండ్రి. ఎట్లున్నడో నేనే చెప్త" అంది.

ఆ సాయంత్రమే గట్ కూర్చుంది.

"వద్దన్నోళ్ళను తీసేద్దాం" అంది భాగ్యలక్ష్మి. "నోరు మెదపనోళ్ళను ఉండనీ."

"సావిత్రి గూడ రెండుసార్లు నోరు మెదపలె" అన్నాను.

"ఇప్పుడు చట్టం గూడ గదే చెప్తది" అంది సుమన్. "ఏ పనికి ఇచ్చిన అడ్రసు ఆ పనికే. ఇచ్చుడెంత సులువో ఆపుడు గంతే సులువుండాలె."

భాగ్యలక్ష్మి పట్టీని సుమన్ ముందుకు తోసింది. "తీసెయ్" అంది. పదకొండు వందల పేర్లూ పోయాయి.

కానీ ఆ పేర్లలో ఇంకా ఎందరి రిపోర్టులు చెత్తలో పడి ఉన్నాయో! మేము ఇంకో మెయిల్ పంపితే అదీ అడగనిదే. విజయ్‌కుమార్‌తో, "మీ పెద్దసారుకు చెప్పు. ఒక్కొక్కరికి ఫోన్ చెయ్యమను" అన్నాను.

"చెప్తే పట్టీ బయటికిచ్చిన సంగతి గూడ చెప్పాలె. నా నౌకరి పోతది నర్సక్కా."

"ఆ దిండ్ల మీద కూసున్నాయనను చూసొచ్చి గా మాట అను."

అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు. రెండు రోజులకు ఆ సంస్థ వాళ్ళు ఇంటింటికీ ఫోన్లు చేస్తున్నారని తెలిసింది. విజయ్‌కుమార్‌ను పని మానిపించారనీ తెలిసింది. భాగ్యలక్ష్మి నాతో వారం రోజులు మాట్లాడలేదు.

నోట్‌బుక్‌లోని పాతవాళ్ళకు ఒక్క ఉత్తరం రాశాం. మా గట్ పేరు, తుకుం చిరునామా రాసి, 'ఇక పంపొద్దు' అనే మీట అన్నిటికన్నా పైన పెట్టాం. అయినా సగం చెత్తలోకే పోయినట్టుంది. పోయిన నమ్మకం ఒక్క ఉత్తరంతో తిరిగిరాదని సుమన్ అంది. ఈ ఏడు సగం లడ్డూలే కట్టాం. మిగిలిన పువ్వు డబ్బాల్లో ఉంది.

సావిత్రి బస్సెక్కి నాలుగు వారాలైంది, ఇంకా ఫోన్ చెయ్యలేదు. ఫోన్ మోగితే చేతికంటిన పిండి కడుక్కోకుండానే ఉరికి చూస్తున్నాను. ఎక్కువసార్లు ఎవరో ఏదో అమ్ముకునేవాళ్ళే.