బుష్తెనారి కొండ దిగని బండ్లు

పొయ్యి మీద జొన్నసంకటి ఉడుకుతుండగానే సాఫ్తా ఇంటి కప్పు పీకడం మొదలుపెట్టారు. ఇద్దరు కూలీలు పైకెక్కి చెక్కలు ఊడదీసి కిందికి విసురుతున్నారు. రాలిన దుమ్మంతా సంకట్లో పడుతోంది. ఐదో నెల కడుపుతో సాఫ్తా గుమ్మంలో నిలబడి చూస్తోంది.

బుష్తెనారి కొండమీద ముడినూనె బావి ఎండిపోయింది. కంపెనీ బోరు సామానంతా మొరేనిలోని కొత్త బావికి తరలిస్తోంది. బోరుతో పాటే పనివాళ్ల చెక్క ఇళ్లూ బండ్లెక్కుతాయి. అయితే కంపెనీ ఇల్లిచ్చేది పనిచేసేవాడికే. సాఫ్తా మొగుడు ఆంగెల్ నెల కిందట బోరు తాడు తెగి కొట్టడంతో చచ్చిపోయాడు. అంచేత ఇల్లు పోతుంది, సాఫ్తా పోదు.

పక్కింటి జంఫీర బండి మీద కూర్చుని ఇదంతా చూసింది. పెళ్లయ్యాక ఆమె మకాం మార్చడం ఇది ఏడోసారి. ప్రతిసారీ పరుపు చుట్టి, కోళ్లను బుట్టలో మూసి, వెనక్కి చూడకుండా పోవడమే. ఈసారి మాత్రం బండి దిగింది.

"ఎక్కవే," అన్నాడు మొగుడు తుదోసె, గొంతు తగ్గించి. "మేస్త్రీ చూస్తున్నాడు. మనకీ ఇల్లు లేకుండా చేస్తాడు."

"రేపు ఆ తాడు నీ మీద తెగితే?"

జంఫీర పరుపు భుజానేసుకుని సాఫ్తా ఇంట్లోకి నడిచింది.

"కాస్త జరుగమ్మా. నేనూ ఇక్కడే ఉంటా."

వెనకాలే ముసలి రుక్సాంద్ర వచ్చింది. "నా కోళ్లకి చోటుందా అమ్మాయ్?"

మిగతా ఆడవాళ్లూ బండ్లు దిగారు. గంట తిరక్కుండా ఆరు బండ్ల సామానూ ఆ కప్పులేని గోడల మధ్య చేరింది. పైనున్న కూలీలు దిగి పక్కకు తప్పుకున్నారు.

"మీ ఆడోళ్లని అదుపులో పెట్టుకోండ్రా," అని అరిచాడు మేస్త్రీ.

"నువ్వే చెప్పు మేస్త్రీ, నీ మాట వింటారేమో," అన్నాడు కమ్మరి యోర్దాకె. మగాళ్లు నవ్వారు. నవ్వు ఆగాక వాదన లేచింది.

"పని పోతే పిల్లలకేం పెడతాం?"

"పెట్టేది మాత్రం ఎన్నాళ్లురా? మళ్లీ తాడు తెగేదాకేగా?"

చివరికి ఎద్దుల కాడి విప్పేశారు. బోరు నడిపే పెద్ద ఆవిరి బాయిలరు బండి మీదే దారి మధ్యలో ఆగిపోయింది.

మధ్యాహ్నానికి పోలీసులొచ్చారు. "మొదలెట్టిందెవరు?"

జంఫీర నోరు తెరిచేలోపే తుదోసె ముందుకొచ్చాడు. "నేనే."

"అబద్ధం," అంది జంఫీర.

"నువ్వూరుకో." తుదోసె చేతులు బేడీలకు చాపాడు.

ఆ సాయంత్రమే అందరూ కలిసి సాఫ్తా ఇంటి కప్పు చెక్కలు మళ్లీ బిగించారు. మేస్త్రీ దూరంగా నిలబడి చూశాడే గాని దగ్గరికి రాలేదు.

మూడో రోజు మొరేని నుంచి నలభై మంది నడిచి వచ్చారు. అందరి గోళ్లలోనూ నూనె నలుపే.

"మీ బోరు రాలేదని మమ్మల్ని ఊరికే కూర్చోబెట్టారు," అన్నాడు వాళ్లలో పెద్దాయన. "ఎందుకు రాలేదో తెలిసింది. మీ ఆయన్ని ఎక్కడ పెట్టారమ్మా?"

"లోయలో ఠాణాలో. మూడు గంటల నడక," అంది జంఫీర.

"పదండయితే."

సాఫ్తా ఆంగెల్ కోటు తొడుక్కుని బయటికొచ్చింది. ఈ స్థితిలో నువ్వెక్కడికి అనబోయింది జంఫీర. ఆ మొహం చూసి, అనకుండా చెయ్యందించింది. బాయిలరుకు అటూ ఇటూ చీలి, దాన్ని దాటాక మళ్లీ ఒకటై, జనం కొండ దిగసాగారు.